మాకు చిన్నాయన లేడు

హారికా, నువ్వు ఫోన్లో అడిగినప్పుడు నేను సరిగా చెప్పలేకపోయాను. అందుకే రాస్తున్నాను. మీ తమ్ముడు తేజాకు కూడా చదివి వినిపించు. తెలుగు చదవడం కష్టమంటాడు గానీ వింటే అర్థమవుతుంది కదా. మొన్న మంగళవారం నీ కొత్త ఉద్యోగం విచారణకని మన ఇంటికి ఒక పోలీసాయన వచ్చాడు. చిన్న వయసే. చెప్పులు బయట విప్పి, కుర్చీ చూపించినా కూర్చోకుండా, చేతిలో ఫోను చూసుకుంటూ ఆయన నన్ను అడిగింది మూడే ముక్కలు. హారిక మీ మనవరాలేనా, ఈ ఇల్లు మీదేనా, ఆ అమ్మాయి మీద కేసులేమన్నా ఉన్నాయా. దాని మీద కేసులేంది నాయనా అని నవ్వాను. గుమ్మం పక్కన నిలబెట్టి ఫోటో తీసుకున్నాడు, ఒక కాగితం మీద సంతకం పెట్టించుకున్నాడు, అయిపోయిందన్నాడు. ఇంతేనా అని నాకు నమ్మకం కుదరలేదు. ఆయన వెనక్కి తిరుగుతుంటే నేననుకోకుండానే నా నోట్లోంచి వచ్చేసింది, "మా చిన్నాయన సంగతి రాసుకోవా?" అని. ఎవరాయన, ఎక్కడుంటాడు అన్నాడు. పోయి నలభై ఏళ్ళు దాటిందన్నాను. "పోయినోళ్ళు మాకెందుకు జేజీ, దీంట్లో దానికి చోటే లేదు" అని ఫోను చూపించి, మజ్జిగ తాగి వెళ్ళిపోయాడు. ఆయనే నీకు చెప్పినట్టుంది, ఆ సాయంత్రం నువ్వు ఫోను చేసి, పోలీసులకు ఎవరి గురించో చెప్పావంట జేజీ, నా ఉద్యోగానికేమీ కాదు కదా అన్నావు. ఏమీ కాదు తల్లీ. కానీ నీ గొంతులో ఆ భయం వినేసరికి మా అన్న గొంతే విన్నట్టయింది నాకు. ఆ రాత్రి నుంచి ఒకటే ఆలోచన. ఆలోచించే కొద్దీ స్పష్టం కావాల్సింది పోయి ఇంకా తికమకగా ఉంది.

మా ఊరు చిట్టమూరు అవతల, కాలవ గట్టు మీద. ఆ కాలవలో అప్పట్లో ఉప్పు, సవక కట్టెలు వేసుకుని మద్రాసు వైపు పడవలు పోయేవి. తూర్పు గాలి తోలితే అటున్న ఉప్పునీటి సరస్సు పక్క పల్లెల్లో ఎండేసిన చేపల వాసన వచ్చేది. పడమటి గాలికి మా దొడ్లో వరిగడ్డి, పేడ, కుడితి వాసన. ఈ రెండూ కలిసిన వాసనే నాకు ఇల్లంటే. మా జేజి, అంటే మా నాయన తల్లి, తెల్లవారక ముందే లేచి వసారాలో కూర్చునేది. బుగ్గన పొగాకు ముక్క, ఒళ్ళో చేట. మొలగొలుకుల బియ్యంలో రాళ్ళేరుతూ, వీధిలో పోయే ప్రతి మనిషినీ ఆపి ఎక్కడికి పోతున్నావో, ఎందుకు పోతున్నావో, నిన్న పోయినప్పుడు పనెందుకు కాలేదో అన్నీ అడిగేది. మా అమ్మ వంటింట్లోంచే ఆ జవాబులన్నీ వినేది. రాత్రి మిగిలిన చేపల పులుసు పొద్దున చద్దన్నంలోకి వేస్తే ఆ రుచే వేరు. మట్టి దాకలో అడుగున మిగిలిన మామిడి ముక్క కోసం నేనూ అన్నా కొట్లాడుకునే వాళ్ళం. అన్న పేరు రమణయ్య, నాకంటే తొమ్మిదేళ్ళు పెద్ద. కొట్లాడినా చివరికి ముక్క నాకే వదిలేసేవాడు.

ఇంట్లో ఇంకొక మనిషి మా చిన్నాయన పెంచలయ్య. నాయనకు తమ్ముడు. పెళ్ళి చేసుకోలేదు. మా ఇంట్లో మగవాళ్ళెవరూ తిన్న కంచం తీసేవాళ్ళు కాదు. చిన్నాయన మాత్రం తన కంచం తనే కడిగి, గోడవారగా బోర్లించి వచ్చేవాడు. చొక్కా విప్పితే మడతపెట్టి తలకింద పెట్టుకునేవాడు. ఎవరన్నా గట్టిగా పిలిస్తే, కూర్చున్న వాడల్లా లేచి నిలబడిపోయి, తర్వాత తనే నవ్వుకునేవాడు. ఇవన్నీ జైలు అలవాట్లని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. నేను పుట్టక ముందు, ఇంకా మద్రాసు రాష్ట్రంలో ఉన్న రోజుల్లో, ఉప్పు కొఠారు కూలీలతో కలిసి ఎర్రజెండా పట్టుకున్నాడట. ఆ పార్టీ మీద అప్పుడు నిషేధముంది. ఒక తెల్లవారుజామున పోలీసులు వచ్చి తీసుకుపోయి, రాయవేలూరు జైల్లో ఏడాదిన్నర ఉంచి, ఒక రోజు పొమ్మన్నారు. కేసు లేదు, కోర్టు లేదు. అందుకని ఆయన జైలుకు పోయినట్టా కానట్టా అనేది కూడా మా ఇంట్లో తేలలేదు. వచ్చాక నాయనతో పాటు సేద్యం చేసుకుంటూ ఉండిపోయాడు. రోజూ టీ కొట్లో పేపరు పైకి చదివేవాడు. నాకు అక్షరాలు, అంకెలు నేర్పింది బడి కాదు, చిన్నాయనే. పాత పేపర్లో పైన ఉండే తారీఖు మీద నా వేలు పట్టి దిద్దించేవాడు.

అన్న గూడూరులో చదువు ముగించి, టైపు నేర్చుకుని, కేంద్ర ప్రభుత్వంలో వైర్‌లెస్ పనికి పరీక్ష రాశాడు. చైనా యుద్ధం అయిపోయిన మరుసటేడు అనుకుంటాను. ఎంపికయ్యావు, కానీ విచారణ పూర్తయ్యాకే చేర్చుకుంటామని ఉత్తరం వచ్చింది. దాంతో పాటు మూడు ప్రతుల ఫారాలు. అంతా ఇంగ్లీషు. మా బడి పెద్దయ్యవారు వచ్చి బల్ల మీద కూర్చుని, దారంతో కట్టుకున్న కళ్ళజోడు సర్దుకుంటూ ఒక్కో ప్రశ్నా చదివి తెలుగులో చెప్పేవాడు. ఇల్లంతా చుట్టూ చేరాం.

"ఒంటి మీద గుర్తులు రెండు చెప్పు రమణయ్యా."

అన్న నోరు తెరిచే లోపల జేజి అందుకుంది. "ఎడం మోకాలి కింద మచ్చుండాదయ్యా. పడవ మీద నుంచి దూకి పడినాడు. రెండోది యాడుందో నేను చెప్పను. పెళ్ళామొస్తే అది చూసుకుంటాది."

"జేజీ!" అన్నాడు అన్న. మొహమంతా ఎర్రబడింది.

గడిచిన అయిదేళ్ళలో ఏడాదికి మించి ఎక్కడెక్కడ ఉన్నావు అనే ప్రశ్న దగ్గర ఆ పూటంతా గడిచిపోయింది. అన్న గూడూరులో చుట్టాలింట్లో ఉండి చదివాడు. ఆదివారం ఆదివారం ఇంటికొచ్చేవాడు. దీన్ని ఏ ఊరు కింద రాయాలి?

"ఆదివారం మనింట్లోనే తిన్నాడు గదా. మన ఊరే రాయండి" అన్నాడు నాయన.

"తినింది కాదబ్బయ్యా, పండుకునింది యాడ అని అడుగుతాండారు" అన్నాడు పెద్దయ్యవారు.

"మా వోడు యాడ పండుకుంటే సర్కారుకేంది?" అంది జేజి. "పక్క వేసేది వాళ్ళా?"

నవ్వుకున్నాం గానీ, కాస్సేపటికి నవ్వు ఆగిపోయింది. ఎప్పుడైనా అరెస్టయ్యావా, జైల్లో ఉన్నావా అనే ప్రశ్న వచ్చింది. అడిగింది అన్న గురించే. కానీ ఇంట్లో ఉండే వాళ్ళ వివరాలు కూడా ఎక్కడో అడిగారని పెద్దయ్యవారు అన్నాడు. నిజంగా అడిగారో, ఆయనే అలా అర్థం చేసుకున్నాడో నాకు తెలియదు. నాయన నేల చూస్తూ, "వాడి సంగతి ఇందులో ఎందుకు?" అన్నాడు. అప్పుడు గుమ్మం దగ్గర నిలబడ్డ చిన్నాయన అన్నాడు, "రాయండి అయ్యవారా. రాయకపోతే దాచినాడంటారు. ఉన్నది ఉన్నట్టు రాస్తే ఎవురేం జేస్తారు?" వేరే కాగితం అతికించి అన్నీ రాశారు. చిన్నాయన పేరు, జైలు, ఏడాదిన్నర, ఇప్పుడు మా ఇంట్లోనే ఉంటున్నాడని. అన్న సంతకం సగంలో ఆపి, కలం నిబ్బు విదిలించి, మిగతాది పెట్టాడు.

ఇక్కడ మీకు ఒక విషయం చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. మా వైపు పిల్లనిచ్చే వాళ్ళు మొదట నేరుగా ఇంటికి వచ్చేవాళ్ళు కాదు. ముందు ఎవరో తెలిసిన మనిషిని పంపేవాళ్ళు. ఆ మనిషి ఫలానా పని మీద వచ్చానని చెప్పకుండా టీ కొట్లో కూర్చుంటాడు, చాకిరేవు దగ్గర నిలబడతాడు, పిల్లలను పలకరిస్తాడు. ఆ అబ్బాయి ఎట్లాంటివాడు, ఇంట్లో ఎవరెవరున్నారు, భూమెంత, జబ్బులేమన్నా ఉన్నాయా అని అడిగి వెళ్ళి చెబుతాడు. ఆ మనిషెవరో ఊరందరికీ తెలుసు, తెలియనట్టే ఉంటారు. మా ఊళ్ళో కట్టుబాటు ఏమిటంటే, ఎవరి పిల్లవాడి గురించి అడిగినా మంచే చెప్పాలి. మాతో మాట్లాడని వాళ్ళు కూడా ఆ ఒక్క సందర్భంలో మమ్మల్ని ఆకాశానికెత్తేసేవాళ్ళు. రేపు తమ ఇంటికీ అలాంటి మనిషి వస్తాడు కదా. సరిగ్గా ఆ నెలలోనే వెంకటాచలం పక్కనుంచి అన్నకు ఒక సంబంధం మాటొచ్చింది. మనిషిని పంపుతాం అని కబురు కూడా చేశారు. జేజి ఇల్లిల్లూ తిరిగి చెప్పి వచ్చింది. "మా పెంచలయ్య మాట ఎత్తబాకండి. జైలనేటప్పటికి పిల్లనెవురిస్తారు?" చిన్నాయన దానికేమీ అనుకోలేదు. "పెళ్ళయ్యిందాకా నేను లేననుకోండిలే" అని నవ్వాడు. నన్ను కూడా జేజి పిలిచి కూర్చోబెట్టి, ఎవరన్నా అడిగితే మాకు చిన్నాయన లేడని చెప్పమంది. రెండు సార్లు నా చేత అనిపించింది.

గొడుగాయన వచ్చింది ఆ వారంలోనే. తెల్ల చొక్కా, పంచె, నల్ల గొడుగు, చంకన గుడ్డ సంచి. పొద్దున బండి దిగి టీ కొట్లో కూర్చున్నాడట. మధ్యాహ్నం నేను అన్నం తీసుకుని కాలవ గట్టున పోతుంటే ఎదురొచ్చాడు. చిన్నాయన ఆ రోజు గట్టు మీదికి లాగిన పడవ అవతల నీడలో పడుకుని అన్నం కోసం చూస్తున్నాడు. గొడుగాయనకు ఆ సంగతి తెలియదు. నాకు తెలుసు.

"పాపా, నువ్వు రమణయ్య చెల్లెలివా?"

"ఊఁ."

"మీ అన్న మంచోడేనా?"

"బో మంచోడు."

"మీ చిన్నాయన ఇంట్లోనే ఉంటాడా?"

"మాకు చిన్నాయన లేడు."

ఆయన గిన్నె వంక చూశాడు. "మరి ఈ అన్నం ఎవురికి?"

"కూలోళ్ళకి."

గొడుగు ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకుని, పడవ వైపు ఒకసారి చూసి, ఎండగా ఉంది జాగ్రత్తగా పో అని చెప్పి వెళ్ళిపోయాడు. నేను పడవ చుట్టూ తిరిగి పోయేసరికి చిన్నాయన లేచి కూర్చుని ఉన్నాడు. అంతా విన్నాడని తెలుస్తూనే ఉంది. నాకు గర్వంగా ఉంది, భయంగా కూడా ఉంది. "బాగా చెప్పినానా?" అన్నాను. "బాగా చెప్పినావు మే. అన్నం పెట్టు, ఆకలవతాంది" అన్నాడు. ఒక్క మెతుకు మిగలకుండా తిన్నాడు. కాలవలో గిన్నె కడిగి, గట్టు మీద బోర్లించి, నీళ్ళు కారిపోయిందాకా దాని వంకే చూస్తూ కూర్చున్నాడు.

సాయంత్రం మా వసారా తిరణాలలా ఉంది. టీ కొట్టు మస్తానయ్య వచ్చి తన ఘనత చెప్పుకుంటున్నాడు. "అయిదెకరాలని చెప్తానా నేను? ఇరవై అయిదని చెప్పినా. ఇంకో పది కలుపుదామనుకున్నా గానీ నమ్మడేమోనని ఆగినా."

"మా పెంచలయ్యనడిగినాడా?" అంది జేజి.

"అడగ్గానే చెప్పేసినా. జ్వరమొచ్చి పొయినాడు, పదేళ్ళయింది అని."

"నా కొడుకును చంపినావా మస్తానయ్యా!"

"పెళ్ళయ్యిందాకే గదా జేజీ. తరవాత బతికించుకుందాం."

చాకిరేవు దగ్గర వాళ్ళు కాశీకి పోయాడని చెప్పారట. కాలవ రేవు దగ్గర ఇంకొకరు, ఆ ఇంట్లో అన్నదమ్ములే లేరు, ఒక్కడే కొడుకని చెప్పారట. అందరూ నవ్వారు. చిన్నాయన కూడా నవ్వాడు. అంత బాగా మాట సాయం చేసిన ఊరు ఇంకెక్కడా ఉండదని అమ్మ అందరికీ బెల్లం పానకం ఇచ్చింది.

నాలుగు రోజులకు, సొంత పని మీద గూడూరు పోయిన పెద్దయ్యవారు తిరిగొచ్చాడు. వస్తూనే బల్ల మీద కూలబడి నీళ్ళడిగాడు. ఫారంలో అన్నను ఎరిగిన పెద్దమనిషిగా ఆయన పేరే రాశారు. అందుకని గొడుగాయన గూడూరులో ఆయన ఉన్న ఇంటికి పోయి, జేబులోంచి కార్డు తీసి చూపించాడట. పోలీసు శాఖ మనిషి. మఫ్టీలో వచ్చాడు. "ఊరంతా ఒక మనిషిని దాస్తా ఉండారు సార్, ఎందుకు?" అని అడిగాడట.

ఎవరికీ వెంటనే అర్థం కాలేదు. నాయన నోరు తెరుచుకుని చూస్తున్నాడు. జేజి మటుకు ఒకే మాట పట్టుకుంది. "పెళ్ళోళ్ళు కాకపోతే మరి గొడుగెందుకు తెచ్చుకున్నాడు?" రాసిన కాగితంలో చిన్నాయన ఇంట్లో ఉన్నాడు, జైలుకు పోయి వచ్చాడు. ఊరు చెప్పినదాంట్లో ఒకచోట చచ్చిపోయాడు, ఒకచోట కాశీలో ఉన్నాడు, ఒకచోట అసలు పుట్టనే లేదు. సొంత అన్నకూతురు చెప్పినదాంట్లో కూడా లేడు. దాచింది ఎందుకో ఆ మనిషి ఏమనుకుని ఉంటాడు? ఇంకా ఏదో పెద్దదే ఉందనుకోడా? నాయన వెళ్ళి గొడుగాయన కాళ్ళు పట్టుకుని జరిగింది చెబుతానన్నాడు. పెద్దయ్యవారు వద్దంటే వద్దన్నాడు. అది రహస్య విచారణ, మీకు తెలిసిందని తెలిస్తే అదొక తప్పు, చెప్పినందుకు నాకొక తప్పు అన్నాడు. నిజం చెప్పడానికి పోవడం కూడా ఎట్లా తప్పవుతుందో నాకు అప్పుడు తెలియలేదు. ఇప్పుడు మాత్రం తెలుసా?

తర్వాత ఎదురుచూపు. రోజూ మధ్యాహ్నం పోస్టు మనిషి సైకిలు గట్టు మీద కనిపిస్తే అన్న చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయేది. అది ఇటు తిరగకుండా పోతే కంచంలోనే చెయ్యి కడిగేసేవాడు. అన్నకు వయసు పరిమితి దాటిపోవస్తోంది. ఇది పోతే ఇంకో పరీక్ష రాసే వీలు లేదు. నెల గడిచింది, రెండు నెలలు గడిచాయి. వెంకటాచలం సంబంధం వాళ్ళు అసలు మనిషిని పంపనే లేదు, వేరేచోట కుదుర్చుకున్నారు. అన్న చిన్నాయనతో మాట్లాడటం తగ్గించాడు. ఒక రోజు అందరం వసారాలో ఉండగా ఉన్నట్టుండి అన్నాడు, "ఉన్నది ఉన్నట్టు రాయమన్నది నువ్వే గదా చిన్నాయనా. లేనే లేననుకోమన్నదీ నువ్వే గదా. ఇప్పుడు నేను యాడికి పోయి ఏమని చెప్పేది?" నాయన అన్నను కసురుకోలేదు. అది నాకు బాగా గుర్తుంది. ఇంకెప్పుడన్నా అయితే చెంప పగలగొట్టేవాడు.

రెండు రోజులాగి చిన్నాయన, గూడూరు నిమ్మకాయల మార్కెట్లో పని కుదిరిందని చెప్పాడు. "కాగితాన్ని మార్చలేం. ఊరు చెప్పిన మాటనన్నా నిజం చేద్దాం. మళ్ళా ఎవురన్నా వచ్చి అడిగితే, పెంచలయ్య ఈ ఇంట్లో లేడనేది అబద్ధం గాదు గదా" అన్నాడు. దానితో లెక్క ఎట్లా సరిపోతుందో నాకు తెలియలేదు. నాయనకు తెలిసిందో లేదో, వద్దని మాత్రం అనలేదు. జేజి ఏడ్చింది. ఒకసారి సర్కారు తీసుకుపోయింది, ఇప్పుడు వాడే పోతాండాడు అంది. అమ్మ రెండు చొక్కాలు, ఊరగాయ జాడీ కట్టిచ్చింది. అన్న చిట్టమూరు దాకా బండి తోలుకుని వెళ్ళి బస్సెక్కించి వచ్చాడు. దారిలో ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో ఎప్పుడూ చెప్పలేదు.

ఆయన పోయిన పదో రోజున ఉత్తరం వచ్చింది. కాగితం అందిన పదిహేను రోజుల్లో వచ్చి చేరమని. పెద్దయ్యవారు చదివి చెబుతుంటే అమ్మ ఏడుపు, జేజి దండాలు, మస్తానయ్య టీ డేకిసా ఎత్తుకుని రావడం. నేను కాగితం పట్టుకుని చూస్తున్నాను. ఇంగ్లీషు రాదు గానీ అంకెలు వచ్చు కదా. "అయ్యవారా, పైన వేసిన ఈ తారీఖు కాగితం వచ్చిన రోజా, రాసిన రోజా?" అన్నాను. రాసిన రోజమ్మా అన్నాడు. నేను వేళ్ళ మీద లెక్క పెట్టాను. చిన్నాయన ఇల్లు వదిలిన రోజుకు అది ఎనిమిది రోజులు ముందు. పైకి అనేశాను. కవరు మీద నాలుగైదు ఊళ్ళ ముద్రలున్నాయి, ఎక్కడెక్కడ తిరిగి వచ్చిందో. అన్న కవరు నా చేతిలోంచి తీసుకుని, తనూ లెక్క పెట్టుకుని, దొడ్లోకి వెళ్ళిపోయాడు.

గొడుగాయన ఏం రాసి ఉంటాడో ఆ తర్వాత ఎవరికీ తెలియలేదు. ఊరు చెప్పిన అబద్ధాలు నమ్మేశాడేమో. లేక కాగితంలో నిజం రాసినందుకు మెచ్చుకున్నాడేమో. లేదా మస్తానయ్య మాటలు వింటూనే ఇది పెళ్ళి గొడవని అర్థం చేసుకుని నవ్వుకున్నాడేమో, ఆయనకూ పెళ్ళి కావలసిన పిల్లలుంటారు కదా. రెండు నెలలు ఎందుకు ఆగిందో కూడా తెలియదు. మా వల్ల ఆగిందా, ఎక్కడో బీరువాలో ఊరికే పడి ఉందా? అన్న ముప్పై ఏళ్ళకు పైగా పనిచేసి దిగిపోయాడు. తన ఫైలు ఒక్కసారి కూడా చూడలేదన్నాడు. అడిగి చూడకపోయావా అంటే, అడిగితే ఎందుకడిగాడో అని ఇంకో ఫైలు పెడతారే అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నీ సంగతి ఆ పోలీసు పిల్లవాడి ఫోన్లో పది నిమిషాల్లో తేలిపోయింది హారికా. ఎవరూ టీ కొట్లో కూర్చోలేదు, ఎవరూ నిన్ను పొగడలేదు, ఎవరూ నీకోసం అబద్ధమాడలేదు. అది మంచిదే. మంచిదే అనుకుంటాను. కానీ నీ గురించి నన్ను ఇంకొంచెం అడిగి ఉంటే బాగుండునని కూడా అనిపించింది. అప్పుడు అంత అడిగినందుకు బాధ, ఇప్పుడు అడగనందుకు వెలితి. నాకేం కావాలో నాకే తెలియడం లేదు.

చిన్నాయన మళ్ళీ ఇంటికి వచ్చి ఉండలేదు. ఉత్తరం వచ్చిన మూడో రోజు నాయన ఆయన్ని తీసుకురావడానికి బయల్దేరుతూ నన్ను కూడా వెంటబెట్టుకుపోయాడు. పాపను చూస్తే కాదనడని అనుకున్నాడేమో. గూడూరు మార్కెట్లో ఎక్కడ చూసినా నిమ్మకాయల గుట్టలు. గోనె సంచుల దుమ్ము, కుళ్ళిన కాయల పులుపు కలిసి కళ్ళు మండాయి. చిన్నాయన ఆడవాళ్ళ మధ్య గొంతుక్కూర్చుని పెద్దకాయ ఒకవైపు, చిన్నకాయ ఒకవైపు ఏరుతున్నాడు. మమ్మల్ని చూసి లేవబోయి, ఆగి, మళ్ళీ కూర్చున్నాడు.

"రారా, ఇంటికి పోదాం" అన్నాడు నాయన, ఆయన పక్కన కూర్చుని, మెల్లిగా. "కాగితమొచ్చేసింది. నువ్వు ఇల్లు వదలకముందే రాసేసినారంట."

"అట్టనా" అన్నాడు చిన్నాయన. చేతిలో కాయ ఏ గుట్టలో వెయ్యాలో తోచనట్టు కాస్సేపు తిప్పాడు. "వోడు సంతోషంగా ఉండాడా?"

"ఉండాడు. నువ్వు రా."

"రెండేళ్ళ దాకా పర్మనెంటు గాదంట గదన్నా. అప్పుడు మళ్ళా అడుగుతారేమో."

"అడగరేమోరా."

"అడగరేమో. అడుగుతారేమో. ఎవురికి తెలుసు?"

నాయన కూడా ఒక కాయ తీసి చిన్నకాయల గుట్టలో వేశాడు. ఇంతలో కొట్టు యజమాని, భారీ మనిషి, పంచె ఎగ్గట్టుకుని అటుగా వచ్చాడు. నా మొహం చూసి, చిన్నాయన మొహం చూసి నవ్వాడు. "ఎవురు పెంచలయ్యా ఈ పాప? అచ్చం నీ మాదిరే ఉండాదే!"

చిన్నాయన నా వంక చూడలేదు. "మా ఊరోళ్ళండీ" అన్నాడు. "నాకెవురుండారు?"

నాయన తల వంచుకున్నాడు. నాకు కోపం రాలేదు, ఏడుపు కూడా రాలేదు. చిన్నాయన నన్ను కాదన్నది అన్న ఉద్యోగం కోసమా, కాలవ గట్టు మీద నేనన్న మాటకా అని మాత్రం అనుకున్నాను. ఇన్నేళ్ళయినా అదే అనుకుంటున్నాను. అడగలేదు. తర్వాత ఎన్నిసార్లు గూడూరు పోయినా అడగలేదు. ఆ రోజు మటుకు, యజమాని ఇంకా అక్కడే నిలబడి చూస్తున్నాడు, బస్సుకు వేళయింది. ఏదో ఒకటి చెప్పి పోవాలి కదా. నేను రెండు చేతులు జోడించి, పెద్దవాళ్ళు పరాయివాళ్ళతో అనేటట్టే అన్నాను.

"పొయ్యొస్తామండీ పెంచలయ్యగారూ."

చిన్నాయన కాయలు ఏరడం ఆపి లేచి నిలబడ్డాడు. పదకొండేళ్ళ పిల్లకు ఆయనా రెండు చేతులు జోడించాడు.

"మంచిదండీ," అన్నాడు. "పొయ్యి రండి."